రెండో గోతిలో నీళ్ళు

కుడికాలి మేజోడు మళ్ళీ బూటులోకి జారింది, మడమ దగ్గర చిల్లు, భార్య బతికుంటే గుమ్మం దాటకముందే పట్టుకుని విప్పించి కుట్టేది, ఇప్పుడు చిల్లుతోనే ఊరేగాలి, ఊరేగనీ, ముందు గోతి సంగతి చూడు అనుకున్నాడతను, గోతిలో ఏముంది, ఏమీ లేదు, మోకాటిలోతు తవ్వి గట్టున గొంతుక్కూర్చుని ఎంతసేపు చూసినా చుక్క నీరు ఊరలేదు, చుట్టూ తుంగ నడుమెత్తు పెరిగి ఇది చిత్తడి నేలేనని మొత్తుకుంటుంటే గొయ్యి మాత్రం నోరు వెళ్ళబెట్టుకుని చూస్తోంది, పోయిన వారం ఇదే చోట బూటు దిగబడితే రెండు చేతులా పీక్కోవలసివచ్చింది, పక్కన పర్మిట్ ఆఫీసరమ్మ అట్ట మీద కాగితం పెట్టుకుని, సర్వేయరు గారూ, మీ జెండాలు కొంచెం కిందికి జరపాలేమోనండీ అంటోంది, మర్యాదగానే అంటోంది, ఆ మర్యాదకే అరికాలి మంట నెత్తికెక్కుతోంది, ఇన్నేళ్ళుగా చిత్తడి అంచు ఎక్కడో తేల్చి జెండాలు పాతడమే తన పని, జెండాకి ఇవతల చెత్త పోసుకోండి, అవతల కాలు పెట్టకండి, అంతే, అందులో జరపడాలూ సర్దుకోవడాలూ లేవు.

జరపమన్నవాడు వెనకే నిలబడ్డాడు, చెత్త యార్డు మేనేజరు, భార్య తమ్ముడు, తనకి బావమరిది, పొద్దున గేటు దగ్గర ఆపి, బావా, యార్డు నిండిపోయింది, పక్కన జాగా రాకపోతే గేటుకి తాళమే, నేను ఇంటికే, నాలుగడుగులు జరిపితే నీ సొమ్మేం పోతుంది అన్నాడు, సొమ్మట, బావట, ఆమె పోయిన రాత్రి ఆస్పత్రి వరండాలో నిలబడి ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తనివాడికి ఇప్పుడు బావ గుర్తొచ్చాడు, తెల్లారాక వచ్చి, ఫోన్లో చార్జింగ్ అయిపోయింది బావా, నిద్రపోయాను అన్నాడు, ఆ మాటతోనే వాడికీ తనకీ చెల్లు, ఆ తర్వాత వాడు తలుపు కొట్టినా తీయలేదు, తీయడు కూడా.

పైన దిబ్బ మీద కూడా ఒకటి తవ్వి చూద్దామండీ అంది ఆఫీసరమ్మ, దిబ్బ మీద ఏముంటుంది, అది పొడినేల, యార్డు వాడుకోవచ్చని తను వదిలేసిందే, అయినా తవ్వాడు, నడుము పట్టేస్తున్నా తవ్వాడు, పలుగు పక్కన పెట్టేలోపే అడుగున బుడబుడమంటూ నీళ్ళు, చూస్తుండగానే జానెడు, ఇదేంటండీ, పల్లంలో లేని నీళ్ళు మెరకలో ఉన్నాయి అని ఆఫీసరమ్మ కళ్ళద్దాలు సర్దుకుంది, బావమరిది మొహంలో నెత్తురు చుక్క లేదు, వీడికేమైంది అని అటు చూస్తే అప్పుడు కనిపించింది, గడ్డి మీద పైపు ఈడ్చిన చార, పల్లం నుంచి తిన్నగా దిబ్బ వెనక్కి, ఓరి నీ తెలివి తెల్లారినట్టే ఉంది, రాత్రంతా పంపు పెట్టి చిత్తడి నీళ్ళు తోడేసి, ఎవరి కంటా పడకూడదని దిబ్బ వెనక వదిలాడు, ఆ నీళ్ళు ఇంకి ఇంకి వచ్చి వాడికి కావలసిన నేలలోనే కూర్చున్నాయి.

నోరు మూసుకుంటే చాలు, మెరకే తడైతే పల్లం గురించి ఇక అడిగేదేముంది, ఈవిడ దిబ్బని కూడా చిత్తడి కిందే రాసేస్తుంది, యార్డుకి అరచేతి వెడల్పు నేల రాదు, గేటుకి తాళం, వాడు రోడ్డు మీద, అబద్ధం కూడా ఆడక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు, ఆ రాత్రి వాడి ఫోన్ ఉన్నట్టు.

చెయ్యి మాత్రం ఊరుకోలేదు, పాడు అలవాటు, గోతి గోడ నుంచి మట్టిబెడ్డ తీసి విరిచింది, గోధుమరంగు, లోపలిదాకా ఒకటే గోధుమరంగు, ఇందాక పల్లంలో తీసిన బెడ్డ జేబులో ఉంది, అది బూడిదరంగు, వేళ్ళు పోయిన దారుల్లో తుప్పు చారలు, ఏళ్ళ తరబడి నానితే గాని మట్టికి ఆ రంగు రాదు, వచ్చాక నీళ్ళు తోడేసినా పోదు, అమ్మా, ఈ రెండూ చూడండి అని ఆఫీసరమ్మ అట్ట మీద పెట్టేశాడు, దిబ్బ పొడినేలే, యార్డుకి ఇవ్వచ్చు, పల్లం చిత్తడే, నా జెండాలు ఉన్నచోటే ఉంటాయి, ఈ నీళ్ళు నిన్న రాత్రివి, ఎక్కడివో ఆ చార వెంట వెళితే తెలుస్తుంది అన్నాడు, ఆవిడ చార వంక చూసి, పంపు ఎవరు పెట్టారండీ అంది, కూలివాళ్ళ మీదికి తోసేస్తాడనుకున్నాడు, వాడు తల దించుకుని, నేనేనండీ, మా వాళ్ళకి తెలీదు అన్నాడు.

నేనేనండీ, అదే గొంతు, లిఫ్టు పాడైనప్పుడల్లా అక్కని వీపున మోసుకుంటూ మెట్లు దిగుతూ, నేనేలే అక్కా, గట్టిగా పట్టుకో అనే గొంతు, ఒరేయ్, నన్ను చెత్తమూట అనుకున్నావట్రా అని ఆమె నవ్వితే, చెత్తయితే ఇంత సణగదక్కా అనేవాడు, జబ్బుపడ్డ దగ్గర్నుంచీ ప్రతి చికిత్సకీ యార్డు జీపులో తీసుకెళ్ళిందీ వాడే, తను ఏ బురదలోనో జెండాలు పాతుకుంటుంటే కమలాపళ్ళు గింజల్లేకుండా వలిచి ఆమె నోట్లో పెట్టిందీ వాడే, ఆ ఏళ్ళన్నీ ఎటు పోయాయి, వాడు ఇటు చూడకుండా పైపు చుట్టుకుంటున్నాడు, పంపు సంగతి పైకి వెళుతుంది, వాడి ఉద్యోగం ఏమవుతుందో తెలీదు, దానికి తను చేసేదీ లేదు, రెండో గోతిలో నీళ్ళు అప్పుడే తగ్గుతున్నాయి, అతను అలాగే చూస్తూ నిలబడ్డాడు, ఒక్క రాత్రి నీళ్ళు చూసి నేలని తేల్చకూడదని కనబడ్డవాడికల్లా చెప్పుకుంటూ తిరిగినవాడు, మనిషిని మాత్రం ఒక్క రాత్రితోనే తేల్చేశాడు.