ఆలస్యంగా అందినది

సరిగ్గా ఐదింటికి బాబాయ్ షట్టరు సగానికి దించాడు. ఆరులోపు అతను పాత ఆఫీసుకి చేరి, జేబులో ఉన్న కాగితాన్ని మేనేజరు చేతికివ్వాలి. బస్సులో పాతిక నిమిషాలు. ఈ సంగతి భార్యకి ఇంకా తెలియదు.

కాగితంలో ఉన్నది రెండే ముక్కలు. సెలవు ముగిసింది, రేపు ఉదయం తొమ్మిదింటికి ఉద్యోగంలో చేరతాను.

అతన్ని వీధంతా బాబాయ్ అనే పిలుస్తుంది. ఆఫీసులో అయితే స్టాంపు బాబాయ్. ఇన్సూరెన్సు కంపెనీ క్లెయిముల విభాగంలో పంతొమ్మిదేళ్ళు అతను చేసిన పని ఒక్కటే. వచ్చిన కాగితంలో అంకెలు సరిచూసి కవర్లో పెట్టడం, పైన టైము వెయ్యడం, విషయం ఒక ముక్కలో రాయడం. ఐదు దాటి వచ్చినవాటి మీద మాత్రం ఎర్ర అక్షరాలతో స్టాంపు. 'ఆలస్యంగా అందినది.' ఆ కవర్ల వెనకాల మనుషులుంటారన్న మాట నిజమే గానీ, వాళ్ళ మొహాలు అతనికెప్పుడూ కనబడలేదు.

మొహాలు కనబడింది తాళాల దగ్గరే. చిన్నప్పుడు మేనమామ నేర్పిన విద్య అది. ఆదివారాలు ఎవరింట్లోనో మొరాయించిన బీరువా ముందు కూర్చుని, చెవి ఆనించి, లోపల పిన్ను టిక్కుమనగానే అతని ఒళ్ళు పులకరించేది. తలుపు తెరుచుకోగానే ఎదుటివాళ్ళ మొహం విచ్చుకునేది. ఆ మొహం కోసమే నాలుగు నెలల క్రితం ఈ కొట్టు తెరిచాడు.

"రాజీనామా ఇచ్చెయ్యండి," అంది భార్య అప్పట్లో. ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర నర్సు. పన్ను కదిలితే పీకెయ్యాలి తప్ప నాలుకతో ఆడించకూడదంటుంది.

"సెలవు పెడతాలే. ఎందుకైనా మంచిది."

"రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు ఏ ఒడ్డు చేరాడండీ?"

అతను వినలేదు. సెలవే పెట్టాడు. కొట్టు మీద బోర్డు రాయించాడు. ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు. అది చూసి ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. "ఆఫీసు మానేశారా, ఆఫీసుని ఇక్కడికి మోసుకొచ్చారా?"

కొట్టు మూసి ఉన్నప్పుడు వచ్చేవాళ్ళ కోసం షట్టరుకి తాడుతో ఒక చిన్న పుస్తకం కట్టాడు. పేరు, ఫోను, వచ్చిన సమయం అని గళ్ళు గీశాడు. రోజూ పొద్దున్న అందులో రెండో మూడో పేర్లుండేవి. తొమ్మిదింటికి వరసగా ఫోన్లు చేసేవాడు. అందరిదీ ఒకటే పాట, వేరే ఎవరితోనో తీయించుకున్నాం అని. ఒకావిడైతే మొహమాటం లేకుండా అనేసింది. "దొంగలు పడ్డ ఆరునెలలకి కుక్క మొరిగినట్టుందండీ మీ వ్యవహారం."

పగలంతా ఎవరూ వచ్చేవారు కాదు. తాళాలన్నిటికీ నూనె రాసి, మళ్ళీ తుడిచి, మళ్ళీ రాసేవాడు. చివరికి, విద్య ఉన్నంత మాత్రాన కొట్టు నడవదని ఒప్పుకున్నాడు. సెలవు ఈ రోజుతో ఆఖరు. తిరిగి చేరేవాళ్ళ జాబితా సాయంత్రం ఆరింటికి పెద్దాఫీసుకి వెళ్ళిపోతుంది. అందులో పేరు లేకపోతే ఆ కుర్చీలో ఇంకొకళ్ళు కూర్చుంటారు. "నేను ఆరుదాకా పట్టుకుంటాను బాబాయ్, అంతకుమించి నా చేతిలో లేదు," అన్నాడు మేనేజరు. ఒకప్పుడు అతని దగ్గరే పని నేర్చుకున్న కుర్రాడే.

ఇక షట్టరు పూర్తిగా దించబోతున్నాడు. కిందనుంచి ఒక చెయ్యి వచ్చి దాన్ని ఆపింది.

ముప్ఫై ఐదేళ్ళ ఆడమనిషి. కాళ్ళకి ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులు. ఆయాసపడుతూ విరిగిన తాళంచెవి తల బల్ల మీద పెట్టింది.

"మిగతా ముక్క తలుపులోనే ఉండిపోయిందండీ. లోపల మా నాన్న..."

"టైమైపోయిందమ్మా. రేపు తొమ్మిదింటికి రండి."

"రేపా?"

"బోర్డు చూళ్ళేదా? వివరాలన్నీ రేపు రాసుకుంటాను."

పంతొమ్మిదేళ్ళు కిటికీ వెనక తలెత్తకుండా చెప్పిన మాట అది. నోరు దానంతటదే చెప్పేసింది. ఆమె అతని వంక ఒక్క క్షణం చూసింది. ఈ మనిషితో వాదించే టైము లేదనుకుందో ఏమో, వెనక్కి తిరిగి పరిగెత్తింది.

బాబాయ్ చేతులు కూడా వాటి పని అవి చేసుకుపోయాయి. తాళంచెవి ముక్కని కవర్లో వేశాయి. పైన ఏదో రాశాయి. జేబులో పెట్టుకున్నాయి. పనిముట్ల సంచి ఇక ఇంటికి చేర్చేద్దామని భుజాన వేసుకుని, షట్టరు దించి బస్టాపుకి నడిచాడు.

ఐదూ పదిహేనుకి బస్సు మలుపు దగ్గర కనబడింది. కాగితం ఉందో లేదో చూసుకుందామని జేబులో చెయ్యి పెట్టాడు. కాగితంతో పాటు కవరూ వచ్చింది. దాని మీద తన గుండ్రటి అక్షరాలు.

'5.04. ఆలస్యంగా అందినది. విషయం: విరిగిన తాళంచెవి. లోపల తండ్రి.'

చెవి వినని మాటని చెయ్యి రాసుకుంది. లోపల తండ్రి. ఆ పెద్దాయన తలుపు తెరవగలిగితే, ఆమె అలా రబ్బరు చెప్పులతో ఎందుకొస్తుంది?

బస్సు ఆగింది. డ్రైవరు తల బయటపెట్టాడు. "ఎక్కుతారా, లేక చూసి ఆనందిస్తారా?"

బాబాయ్ వెనక్కి అడుగేశాడు. బస్సు వెళ్ళిపోయింది. అయితే ఆమె ఇల్లు ఎక్కడ? పేరు అడగలేదు. ఫోను అడగలేదు. చేతిలో ఉన్నదల్లా ఒక ఇనుప ముక్క, దాని మీద చెక్కిన అంకెలు.

7-041.

ఆ ఏడు చూడగానే అతనికి ఒక ఫైలు గుర్తొచ్చింది. రెండేళ్ళ క్రితం రెండు వీధుల అవతల ఎత్తు భవనంలో కింద కరెంటు గదిలో మంటలు లేచాయి. ఆ పొగకి అన్ని తలుపులూ పగలగొట్టాల్సి వచ్చింది. అరవై నాలుగు కొత్త తలుపులు, ఈసారి ఇనుపవి. అరవై నాలుగు తాళాలు, అన్నీ ఏడుతో మొదలై వరస నంబర్లతో. ఒక అంకె తప్పిందని, నష్టం లెక్కకట్టిన సర్వేయరు జాబితాని మూడుసార్లు వెనక్కి పంపింది తనే. 'ఎనిమిది అంతస్తులు, అంతస్తుకి ఎనిమిది తలుపులు బాబాయ్, ఇంతకంటే ఏం రాయమంటారు, నా జాతకమా?' అని ఆ సర్వేయరు మొత్తుకున్నాడు కూడా.

ఐదు అంతస్తులకి నలభై. నలభై ఒకటి అంటే ఆరో అంతస్తు, మొదటి తలుపు.

నలభై ఎనిమిదేళ్ళ మనిషి సంచి భుజాన వేసుకుని పరిగెత్తడం ఆ వీధి ఎప్పుడూ చూడలేదు. లిఫ్టు ఎక్కడో పైన ఆగి ఉంది. మెట్లెక్కాడు. నాలుగో అంతస్తులో మాడిన వాసన తగిలింది. ఐదో అంతస్తులో ఇనుము మీద ఇనుము తగులుతున్న చప్పుడు వినబడింది. టంగ్. చాలాసేపటికి మళ్ళీ టంగ్.

ఆమె తలుపు ముందు మోకాళ్ళ మీద ఉంది. చేతిలో పక్కింటి పెద్దావిడ ఇచ్చిన కనుబొమల పట్టకారు. పెద్దావిడ ఫోను చెవికి ఆనించుకుని, "ఫైరింజను ట్రాఫిక్కులో ఉందట, ఇంకో అరగంటట," అంటోంది. తలుపు కింద నుంచి సన్నగా పొగ.

ఆమె తలెత్తి చూసింది. "రేపు తొమ్మిదింటికి కదా? తొందరగా వచ్చేశారే."

"తప్పేనమ్మా. తర్వాత తీరిగ్గా తిట్టండి. లోపల ఏమవుతోంది?"

"స్టవ్ మీద పాలు పెట్టి చెత్త పడెయ్యడానికి దిగాను. తలుపు దానంతటదే మూసుకుని తాళం పడిపోయింది. తియ్యబోతే చెవి విరిగింది. ఫోన్ కూడా లోపలే. నాన్న చక్రాల కుర్చీలో ఉంటారు, కుడి వైపు పనిచెయ్యదు, మాట సరిగ్గా రాదు. బాగానే ఉన్నట్టు తెలియడానికి చెంచాతో చక్రం మీద కొట్టమన్నాను." ఆమె తలుపుకి చెవి ఆనించింది. "ఇందాక ఆపకుండా కొట్టేవారు."

టంగ్.

బాబాయ్ కూర్చుని తాళంలోకి లైటు వేశాడు. విరిగిన ముక్క సగం బయటికొచ్చి వంకరగా ఇరుక్కుంది.

"లాగారా?"

"లాగకుండా ముద్దు పెట్టుకుంటానా?"

ఎవరైనా లాగుతారు. ఆఫీసులోనో రోడ్డు మీదో అడిగితే వందమందిలో వందమందీ అదే చెబుతారు. కానీ మేనమామ అతని నెత్తి మీద మొట్టి మరీ చెప్పాడు. విరిగిన ముక్క తాళానికి శత్రువు కాదురా, అది ఇంకా తాళంచెవే. దాన్ని లోపలికి తోస్తే పిన్నులు వాటి జాగాలో అవి కూర్చుంటాయి. వెనకనుంచి తిప్పడానికి ఒక ఆధారం దొరికితే చాలు.

సన్నని రేకుతో ముక్కని నిలువుగా సరిచేశాడు. ఒక పిన్ను. రెండు. చెమట కంట్లో పడింది, తుడుచుకోలేదు. మూడో పిన్ను దగ్గర ముక్క జారి మళ్ళీ వంకరైంది.

లోపల చప్పుడు లేదు.

"నాన్నా!" ఆమె అరచేత్తో తలుపు బాదింది. "నాన్నా, కొట్టు! ఒక్కసారి కొట్టు నాన్నా!"

"తలుపు కదపకండమ్మా. మాట్లాడుతూ ఉండండి, తలుపు మాత్రం కదపొద్దు."

సరిగ్గా అప్పుడే అతని జేబులో ఫోను మోగింది. ఎవరో అతనికి చూడకుండానే తెలుసు. ఆఫీసులో గోడ గడియారం కింద నిలబడి, జాబితా చేత్తో పట్టుకుని, మేనేజరు చేస్తున్నాడు. ఎడమచేత్తో ఫోను తీసి 'వస్తున్నాను' అంటే చాలు, అతని పేరు ఎక్కిపోతుంది. కానీ ఎడమచేతి చూపుడువేలు ఆ రేకుని నొక్కి పట్టుకుని ఉంది. దాన్ని వదిలితే రెండు పిన్నులూ పోతాయి.

ఫోను మోగి మోగి ఆగింది. మళ్ళీ మొదలైంది.

"తియ్యండి, ఏదైనా అర్జెంటేమో," అంది పక్కింటి పెద్దావిడ.

"ఇంతకంటేనా?" అన్నాడు బాబాయ్. అన్నాక, ఆ మాట తనదేనా అని తనకే ఆశ్చర్యమేసింది.

మూడో పిన్ను. నాలుగు. ముక్క లోపలికి పూర్తిగా దిగింది. చదునైన స్క్రూడ్రైవరు మొన దాని వెనక ఆనించి, ఊపిరి బిగబట్టి తిప్పాడు.

టిక్.

తలుపు తెరుచుకుంది. పొగ ఒక్కసారిగా మొహాన కొట్టింది. ఆమె లోపలికి దూకింది. బాబాయ్ వంటగది వైపు వెళ్ళి స్టవ్ ఆపి, మాడి నల్లబడిన గిన్నెని నీళ్ళ కింద పడేసి, కిటికీలన్నీ తెరిచాడు. వెనక్కి వచ్చేసరికి ఆమె తండ్రి కుర్చీని వరండాలోకి లాక్కొచ్చింది. ముసలాయన దగ్గుతున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు. ఎడమచేతిలో చెంచా ఇంకా గట్టిగానే ఉంది. వేళ్ళు నొప్పెట్టి కొట్టడం ఆపాడట, అంతే. ఫైరింజను ఇక అక్కర్లేదని పెద్దావిడ ఫోనులో చెబుతోంది.

ఆయన బాబాయ్‌ని చూసి నోరు ఒక పక్కకి లాగి ఏదో అన్నాడు. కూతురు వంగి విని, ఏడుస్తూనే నవ్వింది.

"మీకు టీ ఇమ్మంటున్నారు. పాలెక్కడున్నాయి నాన్నా, ఇందాకే కదా ఊరంతటికీ ధూపం వేశాం!"

ముసలాయన మొహం సగమే నవ్వగలదు. ఆ సగమూ విచ్చుకుంది. పంతొమ్మిదేళ్ళలో ఏ కవరులోనూ రానిది అదే.

మెట్ల దగ్గరికొచ్చి ఫోను చూశాడు. ఆరూ ఎనిమిది. రెండు మిస్డ్ కాల్స్. తిరిగి చేశాడు.

"ఏంటి బాబాయ్, జాబితా వెళ్ళిపోయింది!" మేనేజరు గొంతులో నిజంగానే బాధ. "రెండుసార్లు చేశాను. సర్లెండి, ఒక పని చేద్దాం. కాగితం రేపు పొద్దున్న తెచ్చివ్వండి. పైన మీ స్టాంపే వేసి పంపిస్తాను. ఆలస్యంగా అందినది అని. మీకోసం పైవాళ్ళని నేను బతిమాలుకుంటాను."

బాబాయ్ చేతులు చూసుకున్నాడు. మాడిన పాల వాసన వేళ్ళకింకా అంటుకునే ఉంది.

"వద్దులే సార్," అన్నాడు చివరికి. "టైము దాటి వచ్చినవాటికి బతిమాలడాలు ఉండవని మీకు నేర్పింది నేనే."

"బాబాయ్, ఆలోచించుకోండి. ఆ కొట్టు నడుస్తోందా అసలు?"

"లేదు సార్. ఎందుకు నడవట్లేదో ఇప్పుడే కొంచెం అర్థమవుతోంది."

తాళంలోంచి తీసిన ముక్కనీ, కవర్లోని తలనీ ఆ కవర్లో మళ్ళీ వెయ్యడానికి మనసొప్పలేదు, కలిపి పెట్టుకోవడానికి వేరే కాగితం కావలసొచ్చింది. జేబులో ఉన్నది ఒక్కటే. ఆ రెండు వాక్యాల కాగితంలోనే చుట్టాడు.

"కొత్త చెవికి ఎప్పుడు రమ్మంటారు?" అందామె గుమ్మంలోంచి. "రేపు తొమ్మిదింటికేనా?"

"ఎక్కడికీ రావక్కర్లేదు. తలుపు దగ్గరికి వేసి ఉంచండి, గంటలో నేనే తెస్తాను."

కొట్టుకొచ్చి షట్టరెత్తాడు. ఆరున్నరకి ఆ వీధిని అతనెప్పుడూ చూడలేదు. పగలు ఎడారిలా ఉండే రోడ్డు మీద ఇప్పుడు ఇసుకేస్తే రాలనంత జనం. అందరూ సంచులు తడుముకుంటూ, జేబులు వెతుక్కుంటూ ఇళ్ళకి పోతున్నారు. అతను షట్టరుకి వేలాడుతున్న పుస్తకం విప్పి, తొలిసారి మూడో గడి చదివాడు. ఐదూ ఇరవై. ఆరుంబావు. ఆరూ నలభై. ఏడు. పొద్దున్న ఏడున్నర. నాలుగు నెలలు వరసగా. పేర్లూ ఫోన్లూ చూసుకున్నాడు గానీ, తనే గీసిన ఆ గడిని ఏ రోజూ చూడలేదు. ఊళ్ళో వాళ్ళంతా ఆఫీసుల్లో ఉన్నంతసేపు ఈ కొట్టు తెరిచి, వాళ్ళు బయటపడగానే మూసేశాడు.

తాళంచెవి కోసే మిషను రొదలో అతనికి భార్య రావడం వినబడలేదు. ఇంకా ఇంటికి రాలేదేమని క్లినిక్కు నుంచి నేరుగా వచ్చింది. బల్ల మీది కాగితం విప్పింది. అందులోంచి రెండు ఇనుప ముక్కలు దొర్లాయి. ఆవిడ కాగితాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది, తేదీతో సహా.

"నాకు చెప్పకుండా రాశారు ఇది."

"అవును."

"ఇవ్వలేదా?"

"టైమైపోయింది దానికి."

ఆవిడ ఇంకో మాట అడగబోయి, అతని మసిపట్టిన చొక్కా, చేతుల్లో మెరుస్తున్న కొత్త తాళంచెవి చూసి ఆగింది. స్టూలు లాక్కుని కూర్చుంది. "గడియారం చూశారా? ఆరూ నలభై ఐదు."

అతను జవాబు చెప్పేలోపు కొట్టు ఫోను మోగింది. అటునుంచి ఎవరో కంగారుగా, "మూసేశారా అండీ?" అన్నారు.

బాబాయ్ చేతిలోని పెన్ను కవరు కోసం వెతికి, మధ్యలోనే ఆగిపోయింది.

"లేదండీ," అన్నాడు. "ఎక్కడున్నారో చెప్పండి, లోపల ఎవరైనా ఉన్నారా?"