ఒమేర్ ఎర్ర జెండాలు

ఆ ఆదివారం కూడా ఫెర్నాన్ గడ్డకట్టిన సరస్సు మీద బర్మాతో పది బెజ్జాలు వేశాడు. ఐదు తనకు, ఐదు అన్న ఒమేర్‌కు. చేప తగిలితే టప్పున జెండా లేచే గాలాలవి. తనవి నీలం గుడ్డ, అన్నవి ఎర్ర గుడ్డ. అమెరికా కొసన, ఉత్తర మెయిన్ రాష్ట్రపు చలిలో యాభై ఏళ్లుగా ఇదే వరస. ఇప్పుడు మాత్రం ఒమేర్ పక్కన బకెట్టు బోర్లించుకుని కూర్చుని లేడు. ఊళ్లో వృద్ధాశ్రమంలో, కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు.

ఒమేర్‌కు తమ్ముడి మొహం గుర్తులేదు. ఎవరో పెద్దమనిషి వచ్చాడనుకుని "కూర్చోండి" అంటాడు. ఆ మర్యాదే ఫెర్నాన్ గుండె కోసేది. బుద్ధెరిగాక అన్న నోట "ఒరే వెధవా" తప్ప మరో పిలుపు వింటే కదా! ఒక్క ప్రశ్న మాత్రం ఒమేర్ మరిచిపోలేదు, తన జెండా లేచిందా అని. ఐదు వారాలుగా లేదనే చెప్పాల్సి వస్తోంది. లేచిందని ఓ మాట అనేస్తే పోయేదేముంది అంటారా? చేపల గురించి ఈ అన్నదమ్ములు ఊరందరికీ కోతలు కోశారు గానీ, ఒకరికొకరు ఏనాడూ అబద్ధం చెప్పుకోలేదు. ఇవాళైనా ఎర్ర జెండా లేవాలి.

పదింటికి చేపలవేట తనిఖీ చేసే వార్డెను వచ్చి జెండాలు లెక్కపెట్టాడు. ఫెర్నాన్ జేబులోంచి రెండు లైసెన్సులు తీశాడు.

"లైసెన్సు సరే పెద్దాయనా, మనిషేడి?"

"ఒంట్లో బాలేదు బాబూ. నేను చూసుకుంటున్నా."

వార్డెను చెడ్డవాడేం కాదు. మనిషికి ఐదే గాలాలు, ఆ మనిషి ఇక్కడే ఉండాలి, ఐదు తీసేస్తే కేసు రాయనన్నాడు. ఏ ఐదు అన్నది ఆయనకు పట్టలేదు.

ఫెర్నాన్ నీలం జెండాలు ఐదూ పీకేశాడు.

పీకినవి మంచి చోట్లు. ఒమేర్ మొండిఘటం, ఎవరు చెప్పినా వినకుండా ఒడ్డు దగ్గర లోతులేని చోటే వేసేవాడు. తిట్టుకుంటూనే ఫెర్నాన్ ఈనాటికీ వాటిని జరపలేదు. గాలి కోసేస్తోంది. బెజ్జాల్లో పేరుకుంటున్న మంచు తోడటం, మళ్లీ వచ్చి కూర్చోవడం. మాట్లాడేందుకు పురుగైనా లేదు.

మూడింటికి ఎర్ర జెండా లేచింది. ఫెర్నాన్ జారిపడుతూ పరుగెత్తాడు. మోచేతి పొడుగు ట్రౌటు చేప. ఇంటికైనా పోకుండా, మంచు బూట్లతోనే ఆశ్రమానికి పట్టుకుపోయాడు.

"నా జెండా లేచిందా?" అన్నాడు ఒమేర్.

"లేచింది."

ఒమేర్ చేపను తడిమి తడిమి చూసి, పకపకా నవ్వాడు. ఆ నవ్వు వినేసరికి ఫెర్నాన్‌కు పడ్డ కష్టమంతా తీరిపోయింది.

అంతలో నవ్వు ఆగింది. "మరి మా తమ్ముడి జెండాలో?"

"వాడివి ఇవాళ తీసేశాం."

ఒమేర్ కిటికీలోంచి సరస్సు వైపు చూశాడు. "అంటే వాడు రోజంతా అక్కడ నా జెండాలకు కాపలాగా ఒక్కడే కూర్చోవాల్సి వచ్చిందా?"

ఇక్కడా అబద్ధం చెప్పలేకపోయాడు ఫెర్నాన్.

"అవునన్నా. ఒక్కణ్ణే కూర్చున్నా."

ఒమేర్ అతని మొహంలోకి జాలిగా చూసి, పక్కనున్న కుర్చీ ఇటు లాగాడు.

"అయ్యో పాపం," అన్నాడు. "కూర్చోండి."