తడి చీరల మాటున నాజిళ్ళు

బొగ్గుబాయిలో బండ పడి నడుము దెబ్బతిన్నాక బుచ్చన్నను గని పనికి అన్‌ఫిట్ చేశారు. అప్పటినుంచి గోదావరిఖనిలోని చిన్న క్రైస్తవ మిషన్ దవాఖాన కారు నడపడమే అతనికి అన్నం పెడుతోంది. ఎవరో లారీ మెకానిక్ డీజిల్ ఇంజన్ బిగించిచ్చిన ముసలి కారు అది. వారంనుంచి మొరాయిస్తోంది. స్టార్టయితే నల్లపొగ, ఎత్తు ఎక్కమంటే ఆయాసం.

దవాఖాన మేనేజరు యేసుదానం, కారు నిలిపి ఉన్న బుచ్చన్న ఇంటి ముందుకే వచ్చి తేల్చేశాడు. "సోమారం పొద్దుగాల నేనొచ్చేవరకు ఇది నడవాలె బుచ్చన్నా. లేకుంటె తుక్కుకే. నా తాన నీకు ఇంకో పని లేదు."

జబ్బంతా ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాలుగు నాజిళ్ళలోనే ఉంది. ఒక్కోదాని లోపల సన్నని సూది ఉంటుంది. పైకి లాగి వదిలితే అది తన బరువుకు తానే మెల్లగా జారాలి. రెండుసార్లు విప్పి డీజిల్‌తో కడిగాడు. రెండుసార్లూ సూదులు మధ్యలోనే పట్టేశాయి. బుచ్చన్న ఆ సూదినీ, దాన్ని చేసినవాణ్నీ కలిపి తిట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం మూడోసారి వాకిట్లో విప్పబోతుంటే భార్య కనకవ్వ వచ్చి నిలబడింది.

"మల్ల ఈడనే ఇప్పుతున్నవా?"

"ఈడ గాకుంటె యాడ ఇప్పాలె?"

"కడిగిన పల్లెమే మల్ల తుడిసి నీకు అన్నం పెడ్తున్న. గిన్నెలనే ఇడువని బొగ్గు దుమ్ము, గీ సూదిని ఇడుస్తదా?"

బుచ్చన్నకు ఒళ్ళు మండింది. గిన్నెలు తోమే మనిషి తనకు మెకానిక్ పని నేర్పడమా! అయినా ఆమె చేతిలోని పల్లెంకేసి చూశాడు. ఇందాకే కడిగింది, అప్పుడే నల్లటి పొర. నాజిళ్ళు ఊడదీసుకుని లోపలికి నడిచాడు.

కనకవ్వ గదిలో నీళ్ళు చల్లి, తలుపుకూ కిటికీకీ తడి చీరలు కట్టింది. లోపల కూచుని బుచ్చన్న వడకట్టిన డీజిల్‌లో ఒక్కో నాజిల్‌నూ కడిగాడు. నూలుపోగు అంటుకుంటుందని గుడ్డ కూడా తగలనివ్వలేదు. మూడు సూదులు సాఫీగా జారాయి. నాలుగోది ఆగింది. మళ్ళీ కడిగాడు. అదీ జారింది. బుచ్చన్న పసివాడిలా నవ్వేశాడు. ఆ సాయంత్రమే నాలుగింటినీ బిగించేశాడు.

సోమవారం యేసుదానం తుక్కు వ్యాపారిని వెంటబెట్టుకునే దిగాడు. బుచ్చన్న డీజిల్ పైపుల్లో చేరిన గాలి తీసి, తాళం తిప్పాడు. మొదటి తిప్పుకే ఇంజన్ అందుకుంది. పొగ లేదు. చుట్టూ జనం పోగయ్యారు. కారు లాగడానికి తెచ్చిన తాడును వ్యాపారి నెమ్మదిగా వీపు వెనక్కి పెట్టుకున్నాడు. బుచ్చన్న ఛాతీ సంతోషంతో నిండిపోయింది.

యేసుదానం ఎప్పటిలాగే ముందు తలుపు మీద చెయ్యి వేశాడు.

"సార్, మీరు ఎన్కకు కూసోండ్రి," అన్నాడు బుచ్చన్న. "ముందల మా ఇంటామె కూసుంటది."

కనకవ్వ తడి చేతులు కొంగుకు తుడుచుకుని ఎక్కింది. యేసుదానం దవాఖాన దాకా వెనక సీట్లో, తుక్కు వ్యాపారి పక్కన ఒదిగి కూచుని వెళ్ళాడు.