సంగతి చూసుకుంటాం

నా నోరు మంచిది కాదని మా అత్తగారు ఊరంతా చెప్పుకుంటారు. అలాంటి నోటికి దేవుడు ఇతరుల మాటలు మోసే ఉద్యోగం ఇచ్చాడు. విదేశాంగ శాఖలో దుబాసీని. మంత్రిగారు ఒకటంటే నేనూ ఆ ఒక్కటే అనాలి, సొంతంగా రెండోది కలపకూడదు.

ఆ రోజు పొరుగుదేశం మంత్రి ఎరువుల ఒప్పందం మీద సంతకానికి వచ్చాడు. వానలు దగ్గరపడ్డాయి, మన గోదాముల్లో ఎరువు అడుగంటింది. ఇటు చూస్తే, జీతాలు పెంచమని అడిగినందుకు వాళ్ళ దేశం పోలీసులు పట్టుకెళ్ళిన కుట్టుపని అమ్మాయి ఒకతి ఉంది. ఎక్కడ ఉంచారో కూడా చెప్పడం లేదు. ఆమె అక్క మన దేశం కోడలు. పొద్దుటి నుంచి మా వరండా బెంచీ మీదే కూర్చుంది. చెల్లెలి మాట ఎత్తుతామని మంత్రిగారు ఆమెకు మాటిచ్చారు. ఎత్తితే ఎరువు పోతుందేమోనని మా డైరెక్టరుగారి భయం. ఆయన్నీ తప్పుపట్టలేం, సొంత తమ్ముడు సేద్యం చేస్తున్నాడు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అని మంత్రిగారు నిట్టూర్చారు. ఆ సామెతలో కప్ప ఎవరో నాకు తెలుసు గనుక ఒళ్ళు మండింది.

టీలయ్యాక, పక్కింటివాళ్ళని నిచ్చెన అడిగినంత మొహమాటంగా, "ఆ కుట్టుపని అమ్మాయి సంగతి కాస్త చూడండి" అన్నారు మంత్రిగారు. అతిథి నవ్వి జవాబిచ్చాడు. ఉన్నదున్నట్టు తెలుగు చేశాను. "ఆమె సంగతి మేం చూసుకుంటాం."

మంత్రిగారు హమ్మయ్య అనుకున్నారు. నాకు మాత్రం ఆ మాట రెండు రకాలుగా వినిపించింది. పసిబిడ్డను అప్పగిస్తే చూసుకుంటామనేదీ ఆ మాటే, గిట్టనివాడు ఎదురైతే నీ సంగతి చూసుకుంటాననేదీ ఆ మాటే. వాళ్ళ భాషలోనూ అంతే.

కాగితాలు సర్దుతున్నారు కదా అని బయటికి వచ్చాను. అక్క లేచి నిలబడింది. తీపి చేసి చెబుదామనుకున్నాను, నోరు రాలేదు. ఆయనన్న మాట ఆయన భాషలోనే చెప్పాను.

ఆమె ఏడవలేదు. మెల్లగా కూర్చుని, "చెల్లిని తీసుకెళ్ళిన పోలీసులు మా అమ్మతో ఇదే మాట అన్నారమ్మా" అంది.

లోపలికి వెళ్ళేసరికి మంత్రిగారు పెన్ను మూత తీస్తున్నారు. దుబాసీ తనంతట తాను నోరు విప్పితే ఉద్యోగం ఊడుతుంది. ఊడితే ఊడింది అనుకున్నాను. అతిథి వైపు తిరిగి, "చూసుకుంటామంటే, ప్రాణాలతో ఇంటికి పంపుతారనా?" అని అడిగాను. అదే మాట మంత్రిగారికీ చెప్పాను. డైరెక్టరుగారు కుర్చీలోంచి సగం లేచారు. అతిథి నన్ను కాదు, మంత్రిగారిని చూశాడు.

మంత్రిగారు ఆ ఒప్పందం కాగితం వంక చూశారు. పెన్ను కింద పెట్టారు.

"అడిగింది నేనేనని చెప్పమ్మా" అన్నారు.

చెప్పాను.