బండి కింద మనిషి

గిన్నెలు తోమిన సబ్బు నీళ్లను ఆమె పారబోయలేదు. పాత బ్రష్షొకటి తీసుకుని, ఆ నీళ్ల గిన్నెతో బండి దగ్గరికి నడిచింది. ఇల్లూ బండీ ఒకటయ్యాక ఇంటి చాకిరీ చక్రాల దాకా పాకింది మరి. మంచం, పొయ్యి, స్నానాల గదితో సహా ఊళ్లు తిరిగే ఆ పెద్ద బండి కొన్నాళ్లుగా ఎడమ పక్కకు ఒరుగుతోంది. "నీ గిన్నెల బరువే," అని తేల్చేశాడు మొగుడు. "దాని సామాను సగం దించేయరా," అని ఫోన్లోనే తీర్పిచ్చింది అత్తగారు. బండి ఒరిగితే కోడలి పాపం, నిలబడితే కొడుకు గొప్ప! ఆమె కొనిపించిన ఇనుప స్టాండ్లను కూడా అతను అనవసరపు బరువు కిందే జమకట్టాడు.

వెనక ఇరుసు మీద బండిని మోసేవి రెండు రబ్బరు గాలి సంచులు. వాటిలో గాలి నింపి, ఇంజను ఆపి, బండి అడుగున స్టాండ్లు పెట్టింది. "నేను కిందుంటాను, గాలి దించే ఆ బటన్ల జోలికి పోకండి," అని చెప్పింది.

"నాకు చెప్తున్నావా?" అన్నాడతను.

కింద దూరి సబ్బు నీళ్లు పూయగానే ఎడమ సంచి మడతలో బుడగలు లేచాయి. దొరికావే దొంగా, అనుకుంది. పాపం గిన్నెలది కాదు, రబ్బరు చీలికది.

అప్పుడే పైన మాటలు వినిపించాయి. పక్కనే బండి ఆపుకున్న ఒకాయనను లోపలికి పిలిచి మొగుడు బండి గొప్పలు చూపిస్తున్నాడు. "ఇది నొక్కితే ఏనుగులా కూర్చుంటుందండీ!"

"కింద ఎవరో ఉన్నట్టున్నారే?"

"ఎవరూ లేరండీ, మా ఆవిడే."

తాళం తిరిగింది. గాలి బుస్సుమంది. బండి దిగి స్టాండ్ల మీద దబ్బున ఆగింది. ఆమె ముక్కుకూ ఇనుముకూ మధ్య బెత్తెడు ఖాళీ మిగిలింది. ఆ అనవసరపు బరువే లేకపోతే ఈపాటికి ఆమె లేదు. ఇన్నేళ్లూ వండింది, తోమింది, మోసింది ఎవరూ కాదన్నమాట!

పాక్కుంటూ బయటికొచ్చింది. అప్పటికే ఇద్దరూ కిందికి దిగారు, పక్క బండాయన తలొంచుకున్నాడు.

"అరవొచ్చుగా!" అన్నాడు మొగుడు, తప్పు ఆమెదే అయినట్టు.

ఆమె లోపలికెళ్లి తాళం చెవి తీసి జేబులో వేసుకుంది. బ్రష్షు, గిన్నె అతని చేతిలో పెట్టింది.

"గాలి నింపి స్టాండ్లు తీసేస్తాను, అనవసరపు బరువన్నారుగా. ఈసారి మీరు దూరండి. బటన్ దగ్గర నేనుంటాను."

అతను గిన్నె పట్టుకుని ఒకడుగు వెనక్కి వేశాడు.

"భయం దేనికండీ? పైన ఎవరూ ఉండరు, మీ ఆవిడే."