తల ఊపేదాకా

చిట్టి గిటారుకి కొత్త తీగ ఎక్కిస్తోంది. తీగ కొస గుచ్చుకుని వేలిమీద రక్తపు బొట్టు లేచింది. ఎప్పుడూ ఉండేదే, వేలు నోట్లో పెట్టుకుని చప్పరించి మళ్ళీ బిగించింది. హాలు వెనక గదిలో పగిలిన అద్దం, ఎవరో వదిలేసిన టీ కప్పులు. గోడమీది పోస్టరులో ఆమె బొమ్మే పెద్దది. హోటళ్ళలో, ఎవరు విన్నా వినకపోయినా జాజ్ వాయించుకుంటూ వచ్చిన పిల్ల, ఇప్పుడిప్పుడే పేరొస్తోంది. నలుగురి బృందం, దానికి పెద్ద తనే. డ్రమ్ముల దగ్గర కూర్చునేది మాత్రం కన్నతండ్రి.

ఆయన సంగతి చెప్పాలంటే, చెయ్యి మంచిది, మనిషి కాదు. చిట్టి చిన్నప్పుడు నేర్పుతూ ఒకటే నియమం పెట్టాడు: తను తల ఊపేదాకా వాయింపు ఆపకూడదు. ఆపిందా, వేళ్ళమీద పుల్ల పడేది. అందుకోసమే ఒక పాత డ్రమ్ము పుల్ల నడుముకి దోపుకుని తిరిగేవాడు. ఒకసారి అడ్డొచ్చిన వాళ్ళమ్మని ఎంత బలంగా కొట్టాడో, ఆ తల్లికి ఎడమ చెవి మరి వినపడలేదు. అప్పట్నుంచీ ఎవరు పిలిచినా పాపం, కోడిలా మెడ తిప్పి కుడి చెవి అప్పగిస్తుంది. చూస్తే నవ్వొస్తుంది, నవ్వినందుకు సిగ్గూ వేస్తుంది.

ఆవిడ ఇవాళ ముందు వరసలోనే కూర్చుంది.

"నాన్నా, ఇవాళ్టితో సరి. రేపట్నుంచి నువ్వు మాతో వద్దు," అంది చిట్టి గదిలోకొచ్చిన తండ్రితో, తల ఎత్తకుండానే.

"ఏం కూశావే?" పాత పుల్ల ఆమె ఎడమచేతి వేళ్ళ కణుపులమీద ఫెళ్ళున పడింది. జుట్టు పట్టుకుని ఆమె తల గోడకేసి కొట్టాడు. "బొమ్మ పెద్దదేస్తే పెద్దదానివైపోయావా? నా చెయ్యి ఆగిన రోజు నేనే పోతా. నువ్వు పొమ్మంటే పోయే రకం కాదు!"

బృందంలో బేస్ గిటారు వాయించే పొడుగాయన పరుగున వచ్చి మధ్యలో దూరాడు. "బాబాయ్, ఆగు! కొట్టాలనుంటే బయట డ్రమ్ములున్నాయిగా, వాటిని కొట్టు!"

చిట్టి నుదుటి నెత్తురు తుడుచుకుంది. ఉంగరపు వేలు వంకాయ రంగుకి తిరిగి ఉబ్బింది.

"సరే నాన్నా. నీ మాటే కానియ్," అంది.

తెర లేచింది. ఉబ్బిన వేలు తీగమీద నొక్కినప్పుడల్లా నొప్పి భుజందాకా పాకింది. ఆ నొప్పంతా గిటారులో కేకలు పెడుతుంటే హాలు ఊపిరి బిగబట్టింది. తర్వాత ఒక్కొక్కరే వాయించే వంతులు; బృందం పెద్ద తల ఊపితేనే వంతు ముగిసినట్టు. పియానో దగ్గరున్న టీచరమ్మ వాయించింది, చిట్టి తల ఊపగానే ఆపింది. పొడుగాయన వాయించాడు, తల ఊపింది, ఆపాడు.

తండ్రి మొదలెట్టాడు. మనిషిని కొట్టినట్టే కొట్టాడు. జనం ఈలలేశారు. ముగించబోతూ కూతురి వంక చూశాడు. ఆమె గిటారు వంకే చూస్తోంది. పళ్ళు కొరికి మళ్ళీ అందుకున్నాడు. చేతిలో పుల్ల విరిగి పెచ్చు అరచేతిలో దిగింది. నడుముకున్న పాత పుల్ల లాక్కుని బాదాడు. తెల్లటి డ్రమ్ముమీద నెత్తుటి చుక్కలు ఎగిరిపడ్డాయి.

"చాలమ్మా, పెద్దాయన పడిపోయేలా ఉన్నాడు," టీచరమ్మ గొణిగింది.

చిట్టి తల్లి వంక చూసింది. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, వినపడని చెవి ఆయనవైపు తిప్పి కూర్చుంది.

ఆయన మొహం బూడిదలా అయింది. దెబ్బ తప్పింది. మళ్ళీ తప్పింది. చెయ్యి గాల్లో ఆగిపోయింది. పుట్టాక మొదటిసారి కూతుర్ని బతిమాలుతూ చూశాడు. ఆ చూపు చిట్టికి తెలిసిందే, చిన్నప్పుడు తనదే.

తల ఊపింది.

చప్పట్ల హోరులో పాట ముగించి వెనక్కి తిరిగేసరికి డ్రమ్ముల దగ్గర ఎవరూ లేరు.

"కోటేసుకుని పక్క తలుపులోంచి వెళ్ళిపోయాడు. పిలిచినా ఆగలేదు," అన్నాడు పొడుగాయన.

తల్లి మెట్లెక్కి వచ్చి, ఉబ్బిన వేలు మెల్లిగా పట్టుకుంది. "పోయాడా?" అని కుడి చెవి తిప్పింది.

"పోయాడమ్మా."

కుర్చీమీద పాత పుల్ల ఉంది. దానికంటిన నెత్తురు ఈసారి ఆయనదే, ఇంకా ఆరలేదు.