మొక్కు బాతులు

నా రాతలో తప్పులుంటే సరిచేసుకుని చదవండి. నాకు అక్షరాలు యాభై మూడో ఏట వచ్చాయి. ఒత్తులు ఇప్పటికీ తడబడతాయి. చేయి కూడా నెమ్మది. ఈ కాస్త రాయడానికి ఇరవై రోజులు పట్టింది.

ఆ రోజు పొద్దున్నే గురమ్మ, మా ఊరి పక్కన పారే గెడ్డలో మడుగులోకి నడుము లోతు దిగి, నీళ్లలో తేలుతున్న బాతును చేత్తో దగ్గరికి లాక్కుంది. దాని మెడ అప్పటికే వాలిపోయింది. ఐదు మగబాతులు ఇంకా దాన్ని వదల్లేదు. ఒకటి ఆమె చేతుల్లో ఉన్నదాని మీదికే ఎక్కబోయింది. గురమ్మ మోచేత్తో తోసింది, కొట్టలేదు. అమ్మవారికి మొక్కిన బాతును కొట్టకూడదు.

నేను గట్టున బట్టలు ఉతుకుతున్నాను. ఆమె గట్టెక్కి బాతును నా ముందు రాయి మీద పెట్టింది.

"ఇది మూడోది నర్సమ్మా. పొట్ట ముట్టుకుని సూడు. గుడ్డు మీదున్నాది."

ముట్టుకున్నాను. గుడ్డు గట్టిగా తగిలింది. బాతు తల వెనక ఒక్క ఈక కూడా లేదు. మెడ మీద చర్మం ఒలిచినట్టుంది. వీపు మీద గోళ్ల గీతలు. మగబాతు నీళ్లలో ఆడదాని మీదికెక్కి మెడ ఈకలు ముక్కుతో పట్టుకుంటుంది. ఒకటైతే ఆడది కాసేపు మునిగి లేస్తుంది. వరసగా ఐదు ఎక్కితే తల పైకెత్తే సందు దొరకదు.

గురమ్మవి ఇరవై నాలుగు ఆడబాతులు, మూడు మగవి. వాటికి అవి సరిపోతాయి. మొగుడు పోయాక పదకొండేళ్లుగా ఆమె ఆ గుడ్ల మీదే బతుకుతోంది. రోడ్డు మీద కూర్మయ్య కొట్లో గుడ్డుకి పది రూపాయలిస్తారు. కిందటి ఏడు ఇదే మార్గశిరంలో రోజుకి పదహారు గుడ్లు వేసేవి. ఆ రోజు బుట్టలో నాలుగున్నాయి.

మిగతా మగబాతులు ఆమెవి కావు, ఊరివి. పసిపిల్లకి జ్వరం తగ్గాలని, కడుపు నిలవాలని, లారీ మీద సాలూరు దాటి ఘాట్ రోడ్డెక్కిన మగాడు క్షేమంగా దిగాలని మా ఊళ్లో అమ్మవారికి మగబాతును మొక్కుతారు. దసరా దాటాక పిల్లగా కొని, కాలికి పసుపు గుడ్డ కట్టి గురమ్మ మందలో వదులుతారు. అలా వదిలిన బాతుకి కాలు కట్టకూడదు, తలుపు వేసి మూయకూడదు. మూస్తే తీరిన కోరిక వెనక్కి పోతుందని నమ్మకం. ఫాల్గుణంలో అమ్మవారి పండగ వస్తుంది, కోసేస్తారు. అప్పటికి అవి సరిగా ఎదగను కూడా ఎదగవు. గురమ్మకి ఒక చీర, తలకాయలు దక్కుతాయి. అందుకే ఈ ఆచారం ఎవరికీ ఇన్నాళ్లూ బరువు కాలేదు.

రెండేళ్లుగా పండగ లేదు. అమ్మవారి ఘటం కుండను ముందు ఊరి పెద్దలు ధనరాజు గారింట ఎత్తాలా, జగన్నాధం గారింట ఎత్తాలా అని తగువు. కర్రలు లేచాయి. పోలీసులు వచ్చి, రాజీ పడేవరకు పండగే వద్దన్నారు. ఇద్దరూ తల వంచలేదు. బాతులు మాత్రం పెరిగాయి. రెండేళ్ల మొక్కులు కలిపి పందొమ్మిది మగబాతులు, తోక మీద ఈక మెలితిరిగి, బొంగురు గొంతుతో ఆడవాటి వెంట పడుతున్నాయి.

ఆ పందొమ్మిదిలో ఒకటి నాది. మా ఆయన అప్పలసూరి నెల్లిమర్ల జూట్ మిల్లులో ఇరవై ఆరేళ్లు పనిచేశాడు. నార దుమ్ముకి దగ్గు పట్టింది. ఆ దగ్గు తగ్గాలని మొక్కాను. ఆషాఢంలో ఆయన పోయాడు. మొక్కు తీరకపోయినా బాతు అమ్మవారిదే అన్నారు. నేను మళ్లీ దాని మొహం చూడలేదు, గురమ్మ దానికేం పెడుతోందో అడగలేదు.

గురమ్మ ఊరికే కూర్చోలేదు. గాయాల్ని ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లతో కడిగేది. వేపనూనెలో పసుపు కలిపి రాసేది. ఒంటరిగా ఉంటే బెంగపడి మేత మానేస్తాయని, దెబ్బ తిన్నవాటిని రెండేసి చొప్పున గంప కింద ఉంచేది. లోతు నీళ్లకి పోనివ్వకుండా కోసిన మళ్లలోకి తోలేది. మగవి అక్కడికీ వచ్చేవి. పశువుల ఆసుపత్రి కాంపౌండరు ఊదారంగు మందు ఇచ్చి, "ఏడెనిమిది ఆడవాటికి ఒక మగది సాలు. ముందు ఆటిని ఏరు సెయ్యమ్మా. రోజూ పీకతంటే నా మందేటి సేత్తాది?" అన్నాడట.

మూడో బాతు చచ్చిన ఆ పూటే గురమ్మ నన్ను తోడు తీసుకుని ధనరాజు గారింటికి వెళ్లింది. చచ్చిన బాతును చీర చెంగులో చుట్టుకుంది. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆయన మనవడు పృథ్వీరాజ్‌కి డెంగీ తగ్గిందని మొక్కినవి రెండు బాతులు.

"ఏటే గురమ్మా, అల్లుళ్లెలాగున్నారు?" అన్నాడు నవ్వుతూ. మొక్కు బాతుల్ని ఊరంతా అమ్మవారి అల్లుళ్లనే అంటారు.

"అల్లుళ్లైతే పండక్కొచ్చి ఎలిపోతారు బాబూ. ఈళ్లు రెండేళ్లయి తింటన్నారు." చెంగు విప్పి చూపించింది. "ఆటిని ఏరుగా మూయనియ్యండి. మీరొక్క మాటంటే ఊరు ఇంటాది."

ఆయన నవ్వు ఆగిపోయింది. బాతు వైపు చూడలేదు. "అమ్మవోరి సొమ్ము మూస్తావేటి? ఆడవాటినే మూసుకో."

"మూసేను, నాలుగు రోజులు. మళ్లలోకి ఎల్లకపోతే ఆటికి మేతేది? తవుడు కొనే సత్తువ నాకు నేదు. గుడ్డు ఆగిపోనాది."

"పండగైపోతే ఏ గొడవా ఉండదు."

"పండగెప్పుడు బాబూ?"

"ఆ జగన్నాధాన్నడుగు. ఆడు తలొంచితే రేపే."

గురమ్మ చెంగు మళ్లీ చుట్టుకుంది. ఇంటికి వెళ్లాక బాతును పెరట్లో గొయ్యి తీసి పెట్టింది. కోసుకోవడానికి నూట యాభైకైనా ఎవరో కొనేవారు. ఆ మాటే నేనన్నాను. "గుడ్డుతో ఉన్నదాన్నా?" అంది.

సాయంత్రం చూస్తే తన ఒంటి గది గుడిసెలో తవుడు చల్లి, పందొమ్మిదింటినీ లోపలికి పిలిచి గొళ్లెం పెట్టింది. తన చాప, గిన్నెలు, రేషను బియ్యం డబ్బా బయట వసారాలో ఉన్నాయి.

తెల్లారేసరికి ఊరు గుడిసె ముందుంది. గురమ్మ గడపకి అడ్డంగా కూర్చుంది. ఒళ్లో ఒంటికన్ను బాతు. రెండో కన్ను కిందటి వారం మగవి పొడిచేశాయి.

"తలుపు తియ్యి," అన్నాడు ధనరాజు.

"తియ్యను బాబూ."

"ఏటన్నావు?"

"తియ్యనన్నాను. ఎవుల బాతు ఆలు పట్టుకెల్లండి. మీ వాకిట్లో తిరగనియ్యండి. నాను వద్దనను."

కూర్మయ్య వెనక నుంచి, "మా ఇంటికాడ కుక్కలున్నాయే," అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. ఎవరూ ముందుకు రాలేదు. వాళ్ల కళ్లలో కోపం కంటే భయమే ఎక్కువ కనబడింది నాకు. అక్కడున్న ప్రతి తల్లికీ లోపలి బొంగురు గొంతుల్లో ఒకటి తన బిడ్డ జ్వరం.

నేను గుంపులోంచి బయటికి వచ్చాను. "నాది నాకియ్యి గురమ్మా," అన్నాను.

ఆమె తలుపు జానెడు తీసి, వెతికి, ఒకదాన్ని పట్టి నా చంకలో పెట్టింది. బరువుగా ఉంది. దాని గుండె గబగబా కొట్టుకుంటోంది. ఆమె మళ్లీ గొళ్లెం పెట్టి గడప మీద కూర్చుంది.

"నీకేటి లచ్చింనర్సమ్మా," అన్నాడు ధనరాజు. "నీకు పోడానికేటున్నాది ఇంక?"

ఆయన అన్నది నిజమే. నాకు పోవలసింది పోయింది. నేను తీసుకోవడంలో ధైర్యమేమీ లేదు.

ఆయన గడప దాకా వచ్చి, ఆమెను దాటడానికి మొహమాటపడి ఆగాడు. "సాయంత్రం దాకా సూస్తాను. ఈలోగా ఏ గుంటకి, ఏ బిడ్డకి ఏటైనా ఊరు నిన్నే అడుగుతాది," అని వెళ్లిపోయాడు. ఆయన వెనకే ఊరూ వెళ్లింది.

రేఖ మిగిలింది. ఇరవై మూడేళ్లుంటాయి. మొగుడు సాలూరు లారీ మీద డ్రైవరు, వారానికోసారి వస్తాడు. చంకలో రెండేళ్ల కూతురు ఆశ్రిత. ఆ పిల్లకి జ్వరం వస్తే ఫిట్సు వచ్చేవి. విజయనగరం ఆసుపత్రిలో రోజూ వేయమని మందిచ్చారు. రేఖ ఆ మందు వేస్తూనే ఉంది, బాతునూ మొక్కింది. ఎనిమిది నెలలుగా ఫిట్సు రాలేదు. ఏది కాపాడిందో ఆమెకి తెలియదు. తెలుసుకోవడానికి ఒకదాన్ని మానే ధైర్యం ఏ తల్లికి ఉంటుంది?

"అప్పా," అంది. మా వైపు అక్కని అలాగే పిలుస్తారు. "నా దానొక్కదాన్నే ఒగ్గీ. గుంట పొద్దుట్నుంచి ఎచ్చగా ఉన్నాది."

"ఒగ్గితే ఎక్కడికెల్తాది? మందలోకే కాదేటి?"

"నానింటికి తీసుకెల్లి మూయలేనప్పా. తిరగనియ్యాల కదా."

గురమ్మ ఆ పిల్ల మొహం చూసింది. నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది. ఒళ్లోని బాతును చంకన పెట్టుకుని గడప మీంచి లేచింది.

"పెద్దబాబుకి అడ్డం కూకున్నాను. నీకు కూకోను. గొళ్లెం అదిగో. ముందు గుంటకి మందెయ్యి."

"ఏసేను."

"అయితే నీ ఇట్టం."

గురమ్మ వసారా చివర గంపల దగ్గరికి వెళ్లింది. ఒక బాతును తీసి, మెడ గాయం మీద అంటుకున్న ఈగల్ని తోలి, ఉప్పునీళ్ల గుడ్డ అద్దడం మొదలుపెట్టింది. అది నొప్పికి రెక్క విదిలించింది. ఆమె తిరిగి చూడలేదు.

రేఖ గడపెక్కింది. గొళ్లెం మీద చెయ్యి వేసింది. అలికిడికి లోపల పద్దెనిమిదీ ఒక్కసారిగా తలుపు వైపు వచ్చినట్టున్నాయి, చెక్క అదిరింది. పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. రేఖ రెండో చేత్తో దాన్ని భుజం మీదికి ఎత్తుకుంది. వసారా చివరున్న గురమ్మ వైపు చూసింది, నా చంకలో ఉన్న బాతు వైపు చూసింది. గొళ్లెం మీద చెయ్యి తియ్యలేదు, గొళ్లెమూ తియ్యలేదు.

— లక్ష్మీనరసమ్మ, యాభై ఎనిమిదేళ్లు, ఇప్పుడు నెల్లిమర్లలో మిల్లు వెనక వీధిలో ఉంటున్నాను.